గానుగ దగ్గరి విడి నూనె

సూపర్‌మార్కెట్లో గానుగ నూనె సీసా వెనక లేబుల్ చదువుతూ, ఇవన్నీ ఎప్పుడు మొదలయ్యాయా అని వెతికితే 1998 ఆగస్టు నాటి ఢిల్లీ దగ్గర తేలాను. ఆ నెల అక్కడ ఆవనూనె తిన్నవాళ్ళకి కాళ్ళు వాచాయి, ఊపిరాడలేదు. 60 మందికి పైగా పోయారు. ఆవాల్లాగే కనబడే బ్రహ్మదండి గింజల నూనె అందులో కలిసింది. సెప్టెంబరులో కేంద్రం ఉత్తర్వు తెచ్చింది: రాష్ట్రం మినహాయిస్తే తప్ప, చిల్లరగా అమ్మే ఏ వంటనూనైనా ప్యాక్ చేసే అమ్మాలి. కల్తీ అయింది ఆవనూనె. నియమం మన నువ్వుల నూనెకీ వచ్చింది.

తిట్టడం తేలికే. కానీ విడి నూనె ఎక్కణ్ణుంచి వచ్చిందో డబ్బా చూసి చెప్పలేం. ప్యాకెట్ మీద కనీసం ఒక చిరునామా ఉంటుంది.

తెలికల, గాండ్లవాళ్ళ గానుగ దగ్గర పద్ధతి వేరు. మన నువ్వులు మనమే పట్టుకెళ్ళి, ఆడేదాకా కూర్చుని, నూనె గిన్నెలో తెచ్చుకుంటాం. తెలికపిండి గేదెకి. గింజలు మనవి కాబట్టి అది అమ్మకం కాదు, సరే. అదే గానుగాయన తన నువ్వులాడి పక్కింటావిడకి పావు లీటరు పోస్తే? అది విడి నూనె. ఎవరో తెలియని పీపాలోదీ, కళ్ళెదుట కారిందీ చట్టానికి ఒకటే.

గానుగల్ని చట్టమే చంపిందనను. రిఫైన్డ్ నూనెలు ముందే చాలావరకు ఆ పని చేశాయి. 2011 నియమాల్లో చిన్నవాళ్ళకి రిజిస్ట్రేషన్ ఫీజు ఏడాదికి 100 రూపాయలే. విడి నూనె అమ్మకం మాత్రం నిషేధమే. రోజుకి నాలుగు లీటర్లు ఆడేవాడికి సీసా, మూత, లేబుల్, బ్యాచ్ నంబరు ఎలా గిట్టుతాయి?

నా చేతిలో సీసా మీద ఎద్దు గానుగ బొమ్మ ఉంది, లైసెన్సు నంబరుంది. ధర మామూలు నూనెకి రెండింతలు.