పంజాబ్‌లో రాజద్రోహ చట్టం

మాటతో గానీ, రాతతో గానీ, సైగతో గానీ ప్రభుత్వం మీద జనంలో ద్వేషం, ధిక్కారం, విముఖత రేపడాన్ని నేరంగా చూసిన చట్టం రాజద్రోహ చట్టం. భారత శిక్షాస్మృతిలో ఇది 124ఏ సెక్షన్‌గా ఉండేది. శిక్ష యావజ్జీవం దాకా ఉండేది. బ్రిటిష్ పాలకులు దీన్ని దేశమంతటా ప్రయోగించారు. పంజాబ్‌లో మాత్రం దీని చరిత్రకు రెండు ముఖాలున్నాయి: అణచివేత అక్కడ అతి కఠినంగా సాగింది, ఆ చట్టాన్ని గట్టిగా ప్రశ్నించిన తీర్పులూ అక్కడి కేసుల్లోనే వచ్చాయి.

చట్టం పుట్టుక

మెకాలే 1837లో సిద్ధం చేసిన ముసాయిదాలో ఈ నిబంధన ఉంది. 1860లో శిక్షాస్మృతి ఆమోదం పొందేసరికి అది కనిపించలేదు. 1870లో జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ దాన్ని తిరిగి చేర్పించాడు. 1897లో బాలగంగాధర తిలక్‌కు ఈ సెక్షన్ కింద 18 నెలల జైలుశిక్ష పడింది. ప్రభుత్వం పట్ల ప్రేమ లేకపోవడమే విముఖత అని ఆ కేసులో న్యాయమూర్తి స్ట్రాచీ జ్యూరీకి వివరించాడు. మరుసటి ఏడాదే సవరణ తెచ్చి సెక్షన్ పరిధిని ఇంకా పెంచారు.

1907: రైతుల ఉద్యమం

చీనాబ్ కాలువ కింద స్థిరపడిన రైతుల భూమి హక్కులను కుదించే బిల్లును పంజాబ్ ప్రభుత్వం 1906లో తెచ్చింది. బారీ దోఆబ్ కాలువ నీటి పన్ను కూడా పెరిగింది. లాయల్‌పూర్, లాహోర్, రావల్పిండి సభలతో హోరెత్తాయి. 1907 మార్చిలో లాయల్‌పూర్ సభలో 'ఝంగ్ సియాల్' పత్రిక సంపాదకుడు బాంకే దయాళ్ పాడిన పాట పేరే ఉద్యమానికి పేరైంది. అదే పగ్డీ సంభాల్ జట్టా ఉద్యమం. తలపాగా జాగ్రత్త అని రైతును హెచ్చరించే పిలుపు అది.

ప్రభుత్వం విచారణ కోసం ఆగలేదు. ఉద్యమ నాయకుల్లో మే నెలలో లాలా లజపతిరాయ్‌ను, జూన్‌లో అజిత్ సింగ్‌ను పట్టుకుని, 1818 నాటి మూడో రెగ్యులేషన్ కింద బర్మాలోని మాండలేకు తరలించింది. ఆ రెగ్యులేషన్‌కు అభియోగ పత్రంతో పని లేదు, సాక్షులతో పని లేదు. అయినా రైతుల పట్టు ముందు వైస్రాయ్ మింటో దిగిరాక తప్పలేదు. ఆయన ఆ బిల్లుకు ఆమోదం నిరాకరించాడు. నవంబరులో ఇద్దరు నాయకులూ విడుదలయ్యారు.

అదే నెలలో వచ్చిన రాజద్రోహ సభల నిరోధక చట్టం ప్రకారం, ప్రభుత్వం ప్రకటించిన ప్రాంతాల్లో 20 మందికి మించి కూడితే అది బహిరంగ సభగానే లెక్క. భగత్ సింగ్‌కు బాబాయి అయిన అజిత్ సింగ్ తర్వాత దేశం విడిచి వెళ్లి దాదాపు నాలుగు దశాబ్దాలు ప్రవాసంలో గడిపాడు. 1947లో తిరిగివచ్చి ఆగస్టు 15న డల్హౌసీలో కన్నుమూశాడు.

ఈ గాలి ఆంధ్రకూ తాకింది. బెజవాడ నుంచి వెలువడిన 'స్వరాజ్య' పత్రికలో రాసిన వ్యాసానికి 1908లో గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాజద్రోహ నేరం మీద జైలు పాలయ్యారు.

గదర్ నుంచి జలియన్‌వాలాబాగ్ దాకా

అమెరికా, కెనడాలలో స్థిరపడిన పంజాబీలు ప్రధానంగా నిలబెట్టిన గదర్ పార్టీ 1913 నవంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి పత్రిక మొదలుపెట్టింది. ఆ పార్టీలో చేరిన తెలుగువారు దరిశి చెంచయ్య. గదర్ వీరుల తిరుగుబాటు యత్నం విఫలమైంది. వారిలో ఒకడైన కర్తార్ సింగ్ సరాభాను 1915 నవంబరులో లాహోర్‌లో ఉరితీశారు.

ఆ భయంతోనే 1917 చివర జస్టిస్ రౌలట్ అధ్యక్షతన ఒక కమిటీ ఏర్పడింది. దాని అధికారిక నామం రాజద్రోహ కమిటీ. దాని సిఫారసులే 1919 మార్చిలో రౌలట్ చట్టమయ్యాయి. ఏప్రిల్ 10న ఆ చట్టాన్ని వ్యతిరేకిస్తున్న అమృత్‌సర్ నాయకులు సైఫుద్దీన్ కిచ్లూ, సత్యపాల్‌లను నిర్బంధించి ఊరు దాటించారు. మూడు రోజులకు, వైశాఖి నాడు, జలియన్‌వాలాబాగ్‌లో బ్రిటిష్ సైనికాధికారి డయ్యర్ కాల్పులు జరిపించాడు. అధికారిక లెక్క ప్రకారమే మృతులు 379 మంది. మాటలకు భయపడిన ప్రభుత్వం నిరాయుధుల మీద తూటాలు పేల్చిన రోజు అది.

స్వాతంత్ర్యం తర్వాత

రాజ్యాంగ సభ వాక్ స్వేచ్ఛకు పెట్టిన పరిమితుల జాబితా నుంచి రాజద్రోహాన్ని తొలగించింది. శిక్షాస్మృతిలో మాత్రం సెక్షన్ ఉండిపోయింది. స్వతంత్ర ప్రభుత్వం దాన్ని అకాలీ నాయకుడు మాస్టర్ తారాసింగ్ మీద ప్రయోగిస్తే, అప్పట్లో సిమ్లాలో కొలువున్న పంజాబ్ హైకోర్టు 1950 నవంబరులో 124ఏ రాజ్యాంగ విరుద్ధమని ప్రకటించింది. 1951లో మొదటి రాజ్యాంగ సవరణ 'శాంతిభద్రతలు' అన్న కారణాన్ని చేర్చి సెక్షన్‌కు మళ్లీ ఊపిరి పోసింది. ఆ సెక్షన్ గర్హనీయమైనదని ఆ చర్చలో నెహ్రూయే అన్నారు. 1962లో కేదార్‌నాథ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు సెక్షన్‌ను నిలబెడుతూనే, హింసకు లేదా అల్లర్లకు పురిగొల్పే మాటలకే దాన్ని పరిమితం చేసింది.

ఆ గీత ఎక్కడుందో స్పష్టంగా చూపించింది బల్వంత్ సింగ్ కేసు. ఇందిరా గాంధీ హత్యకు గురైన 1984 అక్టోబరు 31 సాయంత్రం, చండీగఢ్‌లో నీలం సినిమా హాలు దగ్గర ఇద్దరు ప్రభుత్వోద్యోగులు ఖలిస్తాన్ అనుకూల నినాదాలిచ్చారు. చుట్టూ ఉన్న జనం గొంతు కలపలేదు, ఎక్కడా అలజడి రేగలేదు. కింది కోర్టు ఇద్దరికీ జైలుశిక్ష వేసింది. దేశం అట్టుడుకుతున్న రోజు వినిపించిన ఆ నినాదాలను సుప్రీంకోర్టు 1995లో చల్లని బుర్రతో తూచింది. ఎవరి స్పందనా లేని నినాదాలు ఒకటి రెండుసార్లు ఇచ్చినంత మాత్రాన రాజద్రోహం కాదని, ఇద్దరినీ నిర్దోషులుగా వదిలిపెట్టింది. అలాంటి వాతావరణంలో పోలీసులు వాళ్లను అరెస్టు చేయడమే గొడవకు దారితీసి ఉండవచ్చని కూడా వ్యాఖ్యానించింది.

నేటి స్థితి

బ్రిటన్ తన గడ్డ మీద ఈ నేరాన్ని 2009 చట్టంతో రద్దు చేసుకుంది. భారత్‌లో అప్పటి ప్రధాన న్యాయమూర్తి, తెలుగువారైన జస్టిస్ ఎన్.వి. రమణ నేతృత్వంలోని ధర్మాసనం 2022 మే 11న 124ఏ అమలును నిలిపివేసింది. 2024 జులై 1 నుంచి శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అందులో రాజద్రోహం అన్న పేరు లేదు. దేశ సార్వభౌమత్వాన్ని, ఐక్యతను, సమగ్రతను ప్రమాదంలోకి నెట్టే చర్యలు, మాటలు 152వ సెక్షన్ కింద నేరాలు. శిక్ష యావజ్జీవం లేదా ఏడేళ్ల వరకు జైలు. పాత సెక్షన్‌లో యావజ్జీవానికి ప్రత్యామ్నాయంగా ఉన్న జైలుశిక్ష మూడేళ్ల వరకే. పేరు మారినా 152వ సెక్షన్ కింద కేసు పెట్టే ప్రతి పోలీసు అధికారీ, విచారించే ప్రతి న్యాయస్థానమూ బల్వంత్ సింగ్ తీర్పును ముందు పెట్టుకుని, ఆ మాటల వల్ల హింస రేగిందా, రేగే అవకాశమైనా ఉందా అన్నది మొదట తేల్చాలి.