పట్టా తరువాత పలక

యోగాసనాలు నేర్పేవారు మళ్ళీ ఆయుర్వేదం చదవడమెందుకని మా బాలింకాలిగ్‌లో కొందరు అడుగుతుంటారు. తరతరాల బడిపంతుళ్ళం గనుక మాకు ఆచంట లక్ష్మీపతిగారు (1880–1962) గుర్తుకొస్తారు. మద్రాసులో ఇంగ్లీషు వైద్యం చదివి పట్టా పుచ్చుకొన్న ఆ డాక్టరుగారు, పండిత డి. గోపాలాచార్యులుగారికి శిష్యులై ఆయుర్వేదం అభ్యసించారు. 1920లో ఆ గురువుగారి కళాశాలకే అధ్యక్షులయ్యారు. పట్టా చేతికొచ్చాక మళ్ళీ పలక పట్టడం తేలికా!

వాగ్భటుని అష్టాంగహృదయం వ్యాయామానికి హద్దు పెట్టింది. బలవంతులు, నేయి పోసుకొని తినేవారు సైతం చలికాలంలో, వసంతంలో సగం శక్తి మేరకే చేయాలి. తక్కిన ఋతువుల్లో ఇంకా తక్కువ. (జూలైలోనూ స్వెట్టరు విప్పని మనకు గ్రీష్మమేదో తేల్చుకోవడమే చిక్కు.) సగం శక్తి అయిందనడానికి గుర్తు, నోటితో ఊపిరి తీయవలసి రావడమని సుశ్రుతసంహిత చెప్పింది. అరవై దాటిన శిష్యురాలు నోరు తెరిచినప్పుడు, ఆసనం ఆపించవలసినది నేర్పేవారే.