కంటి గూటి రక్తనాళ కంతులు

కంటి గూటి రక్తనాళ కంతులు అనగా కనుగుడ్డు చుట్టూ ఉండే ఎముకల గూటిలో రక్తనాళాల నుండి ఏర్పడే, క్యాన్సరు కాని గడ్డలు. వీటిలో ముఖ్యమైనవి రెండు: శిశువులలో కనిపించే కేశనాళికా హీమాంజియోమా, పెద్దవారిలో కనిపించే కావర్నస్ హీమాంజియోమా. పేర్లు దగ్గరగా ఉన్నా వీటి స్వభావాలు, చికిత్సలు వేరు. ఇవి ఇతర అవయవాలకు వ్యాపించవు. అయితే కంటి గూడు ఇరుకైనది కావడం వలన చిన్న కంతి సైతం కనుగుడ్డును ముందుకు నెట్టగలదు, దృక్ నాడిని నొక్కగలదు. అందువలన చికిత్స అవసరాన్ని ప్రధానంగా చూపుకు కలిగే ప్రమాదాన్ని బట్టి నిర్ణయిస్తారు.

శిశువులలో హీమాంజియోమా

ఈ కంతి సాధారణంగా పుట్టిన కొద్ది వారాలలో బయటపడుతుంది. ఆడపిల్లలలోను, నెలలు నిండకముందే పుట్టినవారిలోను ఎక్కువ. చర్మం పైభాగంలో ఉంటే ఎర్రగా ఉబ్బి, లోతున ఉంటే నీలిరంగు వాపుగా కనిపిస్తుంది. బిడ్డ ఏడ్చినప్పుడు వాపు పెరగవచ్చు. మొదటి 5 నెలలలో వేగంగా పెరిగి, ఆ తరువాత కొన్ని సంవత్సరాలలో క్రమంగా తగ్గిపోతుంది.

తనంతట తగ్గేదే అయినా అన్ని సందర్భాలలో వేచి ఉండడం మంచిది కాదు. వాలిన రెప్ప కంటిపాపను కప్పివేసినా, ఒత్తిడి వలన కార్నియా ఆకారం మారి ఆస్టిగ్మాటిజం ఏర్పడినా, ఆ కంటి నుండి మెదడుకు స్పష్టమైన ప్రతిబింబం చేరదు. చూపు రూపుదిద్దుకునే వయసులో ఇలా జరిగితే అంబ్లియోపియా అనే దృష్టిమాంద్యం ఏర్పడుతుంది. సకాలంలో సరిచేయకపోతే కంతి కరిగిపోయిన తరువాత కూడా ఇది మిగిలిపోవచ్చు.

పెద్దవారిలో కావర్నస్ హీమాంజియోమా

ఇది ఎక్కువగా నడివయసు వారిలో, ముఖ్యంగా స్త్రీలలో కనిపిస్తుంది. నేటి వర్గీకరణలో దీనిని నిజమైన కంతిగా కాక, రక్తప్రవాహం మందంగా ఉండే సిరల వైకల్యంగా పరిగణిస్తున్నారు. నొప్పి లేకుండా, సంవత్సరాల తరబడి మెల్లగా పెరిగి కనుగుడ్డును ముందుకు నెడుతుంది. వెనుక నుండి కలిగే ఒత్తిడి వలన దీర్ఘదృష్టి రావచ్చు. ఇది తనంతట కరిగిపోయేది కాదు.

వ్యాధి నిర్ధారణ

వైద్యులు చూపును, రంగుల గుర్తింపును, కంటి కదలికలను, కంటిపాప స్పందనను, కనుగుడ్డు ఎంత ముందుకు వచ్చినదీ పరీక్షిస్తారు. కావర్నస్ హీమాంజియోమా సి.టి. స్కానులో నునుపైన అంచులు గల గుండ్రని గడ్డగా కనిపిస్తుంది. ఎం.ఆర్.ఐ.లో కాంట్రాస్టు మందు ఒకచోట మొదలై నిదానంగా గడ్డంతా నిండడం దీని ప్రత్యేక లక్షణం.

శిశువులలో వేగంగా పెరిగే వాపును రాబ్డోమయోసార్కోమా అనే క్యాన్సరు నుండి వేరుగా గుర్తించడం అత్యవసరం. సందేహం ఉన్నపుడు చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు. ముఖంపై విశాలంగా పరచుకున్న హీమాంజియోమా ఉంటే గుండె, మెదడు రక్తనాళాలను కూడా పరీక్షించవలసి ఉంటుంది.

చికిత్స

చూపుకు ప్రమాదం లేని కంతులను క్రమం తప్పక పరిశీలిస్తూ ఉంటే చాలు.

శిశువులకు పూర్వం స్టెరాయిడ్లు వాడేవారు. 2008లో ఫ్రాన్సులోని బోర్డో నగర వైద్యులు, గుండె సమస్యకు ప్రొప్రనొలాల్ ఇచ్చిన శిశువులో హీమాంజియోమా కూడా తగ్గడాన్ని గమనించి ప్రకటించారు. 2014లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఈ వ్యాధికి దీనిని ఆమోదించింది. నేడు ఇదే ప్రధాన చికిత్స. దీని వలన రక్తంలో చక్కెర, రక్తపోటు, గుండె వేగం తగ్గవచ్చు. ఊపిరితిత్తుల గొట్టాలు బిగుసుకోవచ్చు. కనుక వైద్యుల పర్యవేక్షణలో, బిడ్డకు పాలు పట్టే సమయంలోనే మందు ఇవ్వాలి. పైపై చర్మంలోని పలుచని కంతులకు టిమొలాల్ చుక్కలు వాడతారు. అంబ్లియోపియా ఉంటే కళ్ళద్దాలు ఇచ్చి, బాగున్న కంటికి రోజూ కొంతసేపు పట్టీ వేస్తారు.

కావర్నస్ హీమాంజియోమా చూపును దెబ్బతీస్తుంటే శస్త్రచికిత్స చేసి తొలగిస్తారు. చుట్టూ పొర ఉండడం వలన చాలాసార్లు కంతిని పూర్తిగా తీయవచ్చు. అప్పుడు అది తిరిగి రావడం అరుదు. గూటి వెనుక కొసలో, దృక్ నాడిని ఆనుకుని ఉన్న కంతిని తీయడం చూపుకే ప్రమాదకరం కావచ్చు. అటువంటి కొందరికి గామా నైఫ్ వంటి రేడియేషను చికిత్స చేస్తారు.