బెంగళూరు చూడాలంటే యలహంక నుంచే

సెలవుల్లో పిల్లలతో బెంగళూరు పోయేవాళ్ళు మెజెస్టిక్ దాకా నిద్రపోవద్దండి. మన తొండేభావిలో రైలెక్కితే దొడ్డబళ్ళాపురం దాటినాక యలహంక వస్తుంది. ఆ ఊరి ప్రభువు కెంపేగౌడే 1537లో మట్టికోట కట్టించి బెంగళూరు నిలబెట్టాడు. ఆయన తెలుగులో ‘గంగాగౌరీవిలాసం’ అనే యక్షగానం కూడా రాశాడు. సిటీలో తెలుగు మాట్లాడితే “ఆంధ్రావాళ్ళా?” అంటారు, మన పిల్లలు తల దించుకుంటారు. వాళ్ళకు ఈ మాట రైల్లోనే చెప్పాలి.

లాల్‌బాగులో అందరూ గాజుమేడ ముందు ఫోటో తీసుకుంటారు. మేము మాత్రం ముందు బండమీది కెంపేగౌడ గోపురం దగ్గరికి తీసుకుపోతాం. మార్కెట్ పక్కన కోట మిగిలింది కొంచెమే. హైదర్ అలీ రాతితో కట్టించినా, 1791లో కార్న్‌వాలిస్ పట్టుకున్నాడు.

రైల్వేవాళ్ళం కదా, కంటోన్మెంట్ స్టేషన్ వదలం. 1864లో జోలార్‌పేట నుంచి రైలు వచ్చింది అక్కడికే.