కేజ్ వీల్స్

కేజ్ వీల్స్ అనగా వరి మడిని దమ్ము చేయుటకు ట్రాక్టరు వెనుక చక్రాలకు అమర్చే ఇనుప పట్టీల చక్రాలు. వాడుకలో కేజీవీల్స్ అని కూడా అంటారు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఆయకట్టులోని హుజూర్‌నగర్ (సూర్యాపేట జిల్లా, 2016 వరకు నల్గొండ జిల్లా) ప్రాంతంలో వానాకాలం, యాసంగి నాట్లకు ముందు వీటి వాడకం ఎక్కువ.

పనితీరు

బురదలో రబ్బరు టైరు గాళ్ళు మట్టితో పూడిపోయి చక్రం ఉన్నచోటనే తిరుగుతుంది. ఇనుప పట్టీలు మట్టిని కోస్తూ పట్టు దొరకబుచ్చుకుంటాయి. వెడల్పు పెరగడం వలన బండి అంతగా దిగబడదు. ఈ గుణమే తారు రోడ్డుపై దోషమవుతుంది. బరువు సన్నని పట్టీల అంచులపై పడి తారు పొర చిట్లుతుంది, కంకర లేస్తుంది, ఆ సందులలో వాననీరు దిగి గుంతలు పడతాయి. గట్టి నేలపై ఇనుముకు పట్టు తక్కువ కనుక బ్రేకు వేసినా జారే ప్రమాదమున్నది. మంచు దేశాలలో టైర్లకు చుట్టే గొలుసులు కూడా ఇటువంటివే. మంచు లేని రోడ్డు రాగానే వాటిని విప్పివేస్తారు.

నిబంధనలు

కేంద్ర మోటారు వాహనాల నియమావళి, 1989లోని 94వ నియమం ప్రకారం మోటారు వాహనాలకు గాలి టైర్లు ఉండాలి. కోదాడ–మిర్యాలగూడ మధ్య హుజూర్‌నగర్ మీదుగా పోయే 167వ జాతీయ రహదారి అయినా, పల్లె తారు రోడ్డయినా కేజ్ వీల్స్‌తో నడపరాదు. వాటిని ట్రాలీలో తీసుకువెళ్ళి పొలం గట్టున బిగించుకోవాలి. అయితే ఇది చెప్పినంత సులభం కాదు. చక్రాలు బరువైనవి, గంటల లెక్కన కిరాయి కట్టే కౌలు రైతుకు బిగించే సమయం కూడా ఖర్చే. అందువలననే నాట్ల రోజులలో పొలాల దారి రోడ్లపై పట్టీల గాట్లు కనిపిస్తూ ఉంటాయి.