మరణద్వారమునుండి మరలినవారు



యమభటులు ఒకనికి బదులుగా అదే పేరుగల వేఱొకనిని గొనిపోయిరనియు, చిత్రగుప్తుడు లెక్క చూచి వానిని మరల బంపెననియు చెప్పుకొను కథలు మన తెలుగునాట పల్లెపల్లెకును దెలిసినవే. సత్వంత్ పస్రీచా, ఇయాన్ స్టీవెన్సన్ అను పరిశోధకులు 1986లో ప్రకటించిన వ్యాసమునందును, మరణించి బ్రదికితిమని చెప్పిన భారతీయులు ఇట్టి పొరపాటునే వర్ణించిరి.

ఇది హిందువుల ఊహయే యని తలంపరాదు. క్రీస్తుశకము 593వ సంవత్సర ప్రాంతమున రోమాపురి పోపు గ్రెగొరీ తన సంభాషణ గ్రంథమున స్తెఫాను అనువాని వృత్తాంతమును, అతని నోటనే వినినట్లుగా వ్రాసెను. అతడు కాన్‌స్టాంటినోపిలునందు మరణించి, పరలోక న్యాయాధిపతి యెదుట నిలువబడెను. ఆయన, తాను పిలిపించినది కమ్మరి స్తెఫానునే కాని యితనిని గాదని త్రిప్పి పంపెను. ఆ గడియయందే ఇరుగున నున్న కమ్మరి మరణించెనట! యముడు లేని మతమునందును అదే కథ, అదే పొరపాటు!

అట్లయిన క్రైస్తవులు దీనిని ప్రమాణముగా గైకొనిరా? 1882 వఱకు మన పరిగి సీమ బళ్లారి జిల్లాలోనిది. ఆ బళ్లారికి 1810లో లండను మిషనువారు వచ్చిరి. వారు బోధించిన సువార్తయే దీనికి ప్రత్యుత్తర మొసగుచున్నది. బేతనియ గ్రామవాసి లాజరు నాలుగు దినములు సమాధియందుండి లేచెను. అతడేమి చూచెనో సువార్త యొక్క మాటయైనను జెప్పదు. మూడవ ఆకాశమునకు గొనిపోబడినవాని గూర్చి వ్రాసిన పౌలు, అచ్చట వినబడినవి మనుష్యుడు పలుకదగనివని యూరకుండెను. వేఱొక లాజరు ఉపమానమున, నరకమునుండి ధనవంతుడు, మృతులలోనుండి యొకనిని తన సోదరులకడకు బంపుమని వేడెను. మోషేను, ప్రవక్తలను విననివారు మృతుడు లేచి చెప్పినను నమ్మరని అబ్రాహాము త్రోసిపుచ్చెను.

కావున విశ్వాసమునకు పునాది మరలినవాని మాట గాదు. అయినను దానికొక పరీక్ష గలదు. 731లో ముగింపబడిన ఇంగ్లండు దేశపు క్రైస్తవసంఘ చరిత్రమున బీడు అను సన్న్యాసి డ్రిత్‌హెల్ము అను గృహస్థుని కథ చెప్పెను. అతడు రాత్రి తొలిజామున మరణించి తెల్లవారుజామున లేచి, తన యాస్తిని మూడు భాగములుగా జేసి, భార్య కొకటియు, బిడ్డల కొకటియు నిచ్చి, తన భాగమును బీదలకు బంచి, మెల్రోసు మఠము జేరెను. తాను చూచినదానిని అందఱకును జెప్పక, భక్తిపరులకే చెప్పెడివాడు. అతడు మాటచేతను నడవడిచేతను పెక్కండ్రకు మేలు గూర్చెనని బీడు వ్రాసెను.

నేటి వైద్యులు ఇట్టి దర్శనములకు మెదడునందు కారణములను వెదకుచున్నారు, వెదకనిండు. మనకు ముఖ్యమైన దొకటి గలదు. ఏ దర్శనమును లేకయే కన్నుమూసిన తల్లిదండ్రులను దలంచి, వారికి సద్గతి లేదేమో యని కుమిలిపోవు గృహములు పెక్కులు. అట్టి దుఃఖమునకు క్రైస్తవశాస్త్రమున ఆధారము లేదు. సువార్త దర్శనమును రక్షణకు షరతుగా నెచ్చటను విధింపలేదు. ఇక మరలి వచ్చితినను వానిని, ఏమి చూచితివని యడుగుటకంటె, ఇక నెట్లు బ్రదికెదవని యడుగుట మేలు.