ఇంటి స్టీరియోకు నెట్‌వర్క్ మ్యూజిక్ ప్లేయర్: ధర, మన్నిక - ఒక చారిత్రక పరిశీలన

7.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:
• నెట్‌వర్క్ మ్యూజిక్ ప్లేయర్ చేసే పనులను వివరించగలుగుతారు.
• 2001 నుంచి ఈ పరికరాలు ఎలా మారాయో, వాటి ధర ఎందుకు తగ్గిందో చెప్పగలుగుతారు.
• పరికరం మన్నికకు, దాని సాఫ్ట్‌వేర్ ఎవరి చేతిలో ఉందన్న విషయానికి గల సంబంధాన్ని అంచనా వేయగలుగుతారు.
• తక్కువ ఖర్చుతో ఒక ప్లేయర్‌ను ఎంచుకోవడంలో ఈ చరిత్రను ఉపయోగించుకోగలుగుతారు.

7.1 పరిచయం

చాలా ఇళ్లలో ఒక పాత స్టీరియో ఉంటుంది. దానితో కొన్న టేప్‌రికార్డరు ఎప్పుడో మూలపడి ఉంటుంది. సీడీ ప్లేయరు డిస్కును చదవడం మానేసి ఉంటుంది. ఆంప్లిఫయరు, రెండు స్పీకర్లు మాత్రం ఇరవై, ముప్పై ఏళ్లు గడిచినా పలుకుతూనే ఉంటాయి. ఆంప్లిఫయరు వెనక ఉన్న ఎరుపు, తెలుపు సాకెట్లలోకి వచ్చే సంకేతం స్వభావం దశాబ్దాలుగా పెద్దగా మారకపోవడమే దీనికి ఒక కారణం. ఆ సంకేతాన్ని అందించే పరికరాలే తరం తరవాత తరం మారుతూ వచ్చాయి. ఆ వరుసలో ఇటీవలిది నెట్‌వర్క్ మ్యూజిక్ ప్లేయర్.

"ఏది కొనాలి?" అని అడిగితే దుకాణదారు ధర, సౌకర్యాలు చెబుతాడు. చరిత్ర విద్యార్థి మరొక ప్రశ్న వేయాలి: ఇంతకు ముందు ఇలాంటివి కొన్నవారికి ఏం జరిగింది? గత పాతికేళ్లలో ఈ పరికరాల ధర బాగా తగ్గింది. అయితే ధరను తగ్గించిన మార్పే వాటి ఆయుష్షును కంపెనీ నిర్ణయాలతో ముడిపెట్టింది. ఈ రెండు విషయాలను కలిపి చూడడమే ఈ భాగం ఉద్దేశం.

7.2 ప్లేయర్ చేసే పని

నెట్‌వర్క్ మ్యూజిక్ ప్లేయర్ మూడు పనులు చేస్తుంది. మొదటిది, ఇంటి వైఫై ద్వారా గాని, తీగ ద్వారా గాని పాట ఫైలును తెచ్చుకోవడం. ఆ ఫైలు ఇంట్లోని కంప్యూటరులో ఉండవచ్చు, ఇంటర్‌నెట్‌లో ఎక్కడో ఉండవచ్చు. రెండవది, కుదించి ఉన్న ఆ ఫైలును విప్పడం. మూడవది, అంకెల రూపంలో ఉన్న ధ్వనిని ఆంప్లిఫయరుకు అర్థమయ్యే విద్యుత్ సంకేతంగా మార్చడం. ఈ మూడవ పని చేసే భాగాన్ని డాక్ అంటారు.

బ్లూటూత్ రిసీవరు కూడా ఇలాంటి పనే చేస్తుంది కదా అని మీకు అనిపించవచ్చు. తేడా ఉంది. బ్లూటూత్‌లో పాట ఫోను నుంచే రావాలి. ఫోను దూరంగా వెళితే పాట ఆగిపోతుంది. ఫోను సాధారణంగా పాటను మరోసారి కుదించి పంపుతుంది. నెట్‌వర్క్ ప్లేయర్ చాలా సందర్భాల్లో పాటను తానే తెచ్చుకుంటుంది. అప్పుడు ఫోను రిమోట్ కంట్రోలు పని మాత్రమే చేస్తుంది.

7.3 నేపథ్యం: పాట ఫైలుగా మారడం

1982లో జపాన్ మార్కెట్‌లోకి వచ్చిన కాంపాక్ట్ డిస్క్‌తో పాట అంకెల రూపంలో సామాన్య శ్రోత ఇంటికి చేరింది. సీడీలో ధ్వనిని సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 16 బిట్లలో నమోదు చేస్తారు. అలా రెండు చానెళ్లకు లెక్క వేస్తే నిమిషానికి 10 మెగాబైట్లు దాటుతుంది. ఐదు నిమిషాల పాట 50 మెగాబైట్లకు పైమాటే. 1990ల నాటి 56 కిలోబిట్ల మోడెమ్ పూర్తి వేగంతో పనిచేసినా దాన్ని తెచ్చుకోవడానికి సుమారు రెండు గంటలు పడుతుంది.

ఈ అడ్డంకిని తొలగించింది ఎంపీ3. జర్మనీలోని ఎర్లాంగెన్‌లో ఉన్న ఫ్రాన్‌హోఫర్ సంస్థలో కార్ల్‌హైన్జ్ బ్రాండెన్‌బర్గ్ తదితరులు దీని రూపకల్పనలో ముఖ్యపాత్ర వహించారు. చెవి గుర్తించలేని ధ్వని వివరాలను వదిలేయడం దీని సూత్రం. 128 కిలోబిట్ల ఎంపీ3 ఫైలు సీడీ పరిమాణంలో సుమారు పదకొండో వంతు మాత్రమే ఉంటుంది. 1995లో దీనికి ఎంపీ3 అనే ఫైలు పేరు స్థిరపడింది. 1999లో నాప్‌స్టర్ రావడంతో ఎంపీ3 పాటలు లక్షలాది కంప్యూటర్లకు చేరాయి. 2001లో వచ్చిన ఫ్లాక్ అనే పద్ధతి నాణ్యత ఏమాత్రం పోకుండానే ఫైలును దాదాపు సగానికి కుదించింది.

దీనితో ఒక వింత పరిస్థితి ఏర్పడింది. పాటలన్నీ ఒక గదిలోని కంప్యూటరులో చేరాయి. మంచి స్పీకర్లు మరో గదిలో ఉండిపోయాయి. ఈ రెండు గదుల మధ్య దూరమే నెట్‌వర్క్ ప్లేయర్ పుట్టుకకు కారణం.

7.4 తొలి దశ: స్లింప్‌3, స్క్వీజ్‌బాక్స్

ఈ రంగంలో తొలి తరం పరికరాలలో ఒకటి స్లింప్‌3. కాలిఫోర్నియాలో షాన్ ఆడమ్స్ స్థాపించిన స్లిమ్ డివైసెస్ అనే చిన్న సంస్థ దీనిని 2001లో విడుదల చేసింది. దీనిలో వైఫై లేదు. ఈథర్‌నెట్ తీగతో పనిచేసేది. అక్షరాలు వెలిగే ఒక చిన్న తెర, ఒక రిమోటు దీనితో వచ్చేవి. 2003లో వైఫై గల స్క్వీజ్‌బాక్స్ వచ్చింది.

ఈ సంస్థ తీసుకున్న ఒక నిర్ణయం తరవాతి చరిత్రను ప్రభావితం చేసింది. పాటల జాబితా తయారుచేసి ప్లేయరుకు పంపే సర్వర్ సాఫ్ట్‌వేర్‌ను అది ఓపెన్ సోర్స్‌గా విడుదల చేసింది. అంటే ఆ ప్రోగ్రామును ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, పంచుకోవచ్చు. పైగా ఆ సర్వర్ నడిచేది కంపెనీ కార్యాలయంలో కాదు, కొన్నవారి ఇంట్లోని కంప్యూటరులోనే.

7.5 రెండో దశ: భిన్న మార్గాలు

2004 జూన్‌లో యాపిల్ సంస్థ ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్‌ను 129 డాలర్లకు ప్రకటించింది. గోడ ప్లగ్గులో పెట్టే ఈ చిన్న పెట్టెకు తెర లేదు. కంప్యూటరులోని ఐట్యూన్స్ పంపిన పాటను ఆంప్లిఫయరుకు అందించడమే దీని పని. 2002లో కాలిఫోర్నియాలోని శాంటా బార్బరాలో ప్రారంభమైన సోనోస్ 2005లో తన తొలి పరికరాలను అమ్మింది. వేర్వేరు గదుల్లో ఒకే పాటను ఒకే క్షణంలో వినిపించడం దీని ప్రత్యేకత. దీనితో రంగుల తెర గల ఒక చేతి కంట్రోలరు కూడా వచ్చేది.

ఈ కంపెనీలు ఎవరి పద్ధతిని వారు పాటిస్తుండగా, ఉమ్మడి ప్రమాణం కోసం మరో ప్రయత్నం జరిగింది. 2003లో సోనీ, ఇంటెల్, మైక్రోసాఫ్ట్ తదితర సంస్థలు కలిసి ఏర్పరచుకున్న కూటమి తరవాత డీఎల్‌ఎన్‌ఏ అనే పేరుతో ప్రసిద్ధమైంది. ఒక కంపెనీ ప్లేయరు మరో కంపెనీ కంప్యూటరులోని పాటను వినిపించగలగాలన్నది దీని ఆశయం.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 1
గమనిక: సమాధానం రాసిన తరవాత 7.2 నుంచి 7.5 వరకు గల విషయాలతో సరిచూసుకోండి.
1. బ్లూటూత్ రిసీవరుకు, నెట్‌వర్క్ ప్లేయరుకు ప్రధానమైన తేడా ఏమిటి?
2. స్లిమ్ డివైసెస్ సర్వర్ సాఫ్ట్‌వేర్‌కు గల రెండు ప్రత్యేకతలు ఏమిటి?

7.6 ధర ఎందుకు తగ్గింది?

తొలి దశ పరికరాలలో తెర, బటన్లు, రిమోటు ఖర్చుతో కూడిన భాగాలు. 2007 తరవాత స్మార్ట్‌ఫోన్లు వ్యాపించాయి. తెర, బటన్ల పని ఫోనుకు మారిపోయింది. కోట్ల సంఖ్యలో ఫోన్లు తయారుకావడంతో వైఫై చిప్పులు, ప్రాసెసర్లు కూడా చవకయ్యాయి. ప్లేయరులో మిగిలింది ఒక చిన్న సర్క్యూటు బోర్డు మాత్రమే.

దీని ఫలితం రెండు 35 డాలర్ల పరికరాలలో కనిపిస్తుంది. మొదటిది 2012 ఫిబ్రవరి 29న ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్ నుంచి వచ్చిన రాస్ప్‌బెరీ పై. ఇది విద్యార్థులకు ప్రోగ్రామింగ్ నేర్పడానికి ఉద్దేశించిన చిన్న కంప్యూటరు. దీని సొంత హెడ్‌ఫోను జాక్ ధ్వని సాధారణమైనదే. కాని విడిగా దొరికే డాక్ బోర్డును దీనికి తగిలించి, ఉచిత సాఫ్ట్‌వేర్ వేసి, సంగీత ప్రియులు దీనిని మంచి ప్లేయరుగా మార్చుకున్నారు. రెండవది 2015 సెప్టెంబరులో గూగుల్ ప్రకటించిన క్రోమ్‌కాస్ట్ ఆడియో. అరచేతిలో ఇమిడే ఈ పరికరాన్ని ఆంప్లిఫయరుకు తగిలిస్తే చాలు, మిగతా పని ఫోనులోని యాప్ చూసుకునేది.

ఇక్కడ ఒక విషయం గమనించాలి. తెర, బటన్లు ఉన్న రోజుల్లో ప్లేయరును నడిపే సాధనం పెట్టెలోనే ఉండేది. ఇప్పుడు అది ఫోనులోని యాప్‌కు, కొన్ని సందర్భాల్లో కంపెనీ సర్వర్లకు మారింది. ధర తగ్గింది, ఆధారపడటం పెరిగింది.

7.7 కంపెనీ తప్పుకున్నప్పుడు ఏం జరిగింది?

వస్తువుల చరిత్రను సాధారణంగా విడుదల తేదీలతో రాస్తారు. కొనేవారికి అంతకంటె ఉపయోగపడేవి ముగింపు తేదీలు. ఐదు ఉదాహరణలు చూద్దాం.

(అ) స్క్వీజ్‌బాక్స్: స్లిమ్ డివైసెస్‌ను 2006లో లాజిటెక్ కొన్నది. 2012లో స్క్వీజ్‌బాక్స్ వరుసను ఆపివేసింది. ఇంటర్‌నెట్ సేవలకు తోడ్పడే కంపెనీ సైటు 2024లో మూతపడింది. అయినా పాత స్క్వీజ్‌బాక్సులు మూగబోలేదు. సర్వర్ సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్స్ కావడంతో స్వచ్ఛంద ప్రోగ్రామర్లు దానిని కొనసాగించారు. ఇప్పుడది లిరియాన్ మ్యూజిక్ సర్వర్ అనే పేరుతో నడుస్తున్నది. రాస్ప్‌బెరీ పై కూడా దానికి ప్లేయరుగా పనిచేయగలదు.

(ఆ) సోనోస్: 2020 జనవరిలో ఈ సంస్థ తన పాత పరికరాలు కొన్నింటికి ఆ సంవత్సరం మే నుంచి కొత్త సాఫ్ట్‌వేర్ ఇవ్వబోమని ప్రకటించింది. వినియోగదారుల నుంచి తీవ్ర నిరసన వచ్చింది. చివరకు పాతవాటికి ఒక యాప్, కొత్తవాటికి మరో యాప్ అని విడదీశారు. పరికరాలు పనిచేస్తూనే ఉన్నా, పాత, కొత్త పరికరాలున్న ఇల్లు రెండుగా చీలినట్లయింది.

(ఇ) క్రోమ్‌కాస్ట్ ఆడియో: 2019 జనవరిలో తయారీ ఆగింది. 2025 మార్చిలో పరికరం లోపలి ఒక డిజిటల్ ధ్రువపత్రం గడువు తీరడంతో ప్రపంచమంతటా ఇవి ఒక్కసారిగా పనిచేయడం మానేశాయి. వాటి సర్క్యూట్లకు ఏ లోపమూ లేదు. కొద్ది రోజుల్లో గూగుల్ సరిచేసింది. కంపెనీ పట్టించుకున్నది కాబట్టి తిరిగి పలికాయి. పట్టించుకోకపోతే కొన్నవారు చేయగలిగింది చాలా తక్కువ.

(ఈ) ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్: 2018 ఏప్రిల్‌లో యాపిల్ ఈ వరుస నుంచి తప్పుకుంటున్నట్లు ప్రకటించింది. అయినా అదే సంవత్సరం ఆగస్టులో 2012 నాటి నమూనాకు కొత్త సాఫ్ట్‌వేర్ ఇచ్చి దాని ఉపయోగాన్ని పెంచింది. సాఫ్ట్‌వేర్ రహస్యంగా ఉంచుకునే కంపెనీలన్నీ ఒకేలా ప్రవర్తిస్తాయని చెప్పలేం. అయితే ఆ మేలు కంపెనీ ఇష్టం, కొన్నవారి హక్కు కాదు.

(ఉ) డీఎల్‌ఎన్‌ఏ: ఈ కూటమి 2017లో రద్దయింది. ఆ ప్రమాణం మాత్రం నిలిచింది. పాట పంపే కంప్యూటరు, వినిపించే ప్లేయరు రెండూ ఇంట్లోనే ఉండడం వల్ల బయటి సంస్థ మూతపడినా వాటి మధ్య మాట ఆగలేదు.

7.8 ఎంపికకు చరిత్ర చూపే దారి

2022 నాటికి సుమారు 100 డాలర్లకే పలు పద్ధతులను అంగీకరించే వీమ్ మినీ వంటి ప్లేయర్లు వచ్చాయి. మార్కెట్‌లో నమూనాలు ఏటా మారతాయి. కాబట్టి నమూనా పేరు కంటె, కొనేముందు వేయవలసిన ప్రశ్నలను గుర్తుంచుకోవడం మేలు.

1. ఇంటర్‌నెట్ లేకపోయినా ఇంట్లోని ఫైళ్లను వినిపిస్తుందా? ఇది అన్నిటికంటె ముఖ్యమైన ప్రశ్న. సినిమా పాటలు స్ట్రీమింగ్ సేవల్లో దొరుకుతాయి. తాతగారి హరికథ క్యాసెట్టు, నాయనమ్మ పాడిన మంగళహారతి ఏ సేవలోనూ దొరకవు. వాటిని ఫైళ్లుగా మార్చి దాచుకున్న కుటుంబానికి ఆ ఫైళ్లను వినిపించలేని ప్లేయరు ఎంత చవకైనా దండగే.
2. ఒకటి కంటె ఎక్కువ పద్ధతులను అంగీకరిస్తుందా? ఒక దారి మూసుకుపోతే మరో దారి ఉండాలి.
3. కంపెనీ యాప్ లేకుండా వేరే యాప్‌తో నడుస్తుందా?
4. మీ ఆంప్లిఫయరుకు తగిన సాకెట్ ఉందా? పాత ఆంప్లిఫయర్లకు ఎరుపు, తెలుపు పిన్నుల తీగ చాలు.

ఖర్చును కూడా కాలంతో భాగించి చూడాలి. 4,000 రూపాయల పరికరం రెండేళ్లకే మూలపడిందనుకుందాం. ఏడాదికి 2,000 రూపాయలు ఖర్చయినట్లు. 9,000 రూపాయల పరికరం పదేళ్లు పనిచేస్తే ఏడాదికి 900 రూపాయలే. రాస్ప్‌బెరీ పై దారి ఎంచుకునేవారు బోర్డు ధరతో పాటు డాక్, మెమరీ కార్డు, విద్యుత్ అడాప్టరు ఖర్చును, నేర్చుకోవడానికి పట్టే సమయాన్ని కూడా లెక్కలో వేసుకోవాలి. ఓపెన్ సోర్స్‌కు డబ్బు అక్కర్లేకపోవచ్చు, ఓపిక మాత్రం కావాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి - 2
గమనిక: సమాధానం రాసిన తరవాత 7.6 నుంచి 7.8 వరకు గల విషయాలతో సరిచూసుకోండి.
1. 2025 మార్చిలో క్రోమ్‌కాస్ట్ ఆడియో ఎందుకు పనిచేయలేదు?
2. కూటమి రద్దయినా డీఎల్‌ఎన్‌ఏ ప్రమాణం ఎలా నిలిచింది?

7.9 సారాంశం

పాటలు కంప్యూటరులోకి, మంచి స్పీకర్లు మరో గదిలోకి చేరడం వల్ల నెట్‌వర్క్ ప్లేయర్ పుట్టింది. తెర, బటన్లు ఫోనుకు మారడం, చిప్పులు చవక కావడం వల్ల 2001 నుంచి 2015 మధ్య దాని ధర 35 డాలర్లకు దిగింది. అదే మార్పు ప్లేయరును కంపెనీ యాప్‌లకు, సర్వర్లకు కట్టివేసింది. తయారీదారు తప్పుకున్నాక కూడా కొన్నవారి చేతిలో నిలిచినవి ఇంట్లోనే నడిచే సర్వర్, అందరికీ అందుబాటులో ఉన్న సాఫ్ట్‌వేర్, ఉమ్మడి ప్రమాణం గల పరికరాలు. కొనే రోజున పెట్టె మీద ఉన్న ధరతో పాటు, కంపెనీ లేని రోజున అది ఎలా పలుకుతుందో కూడా ఆలోచించాలి.

7.10 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. క్రింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. నెట్‌వర్క్ మ్యూజిక్ ప్లేయర్ ధర తగ్గడానికి గల కారణాలను, దాని పర్యవసానాలను చర్చించండి.
2. "వస్తువుల చరిత్రలో విడుదల తేదీల కంటె ముగింపు తేదీలు ముఖ్యం." తగిన ఉదాహరణలతో వ్యాఖ్యానించండి.

II. క్రింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఎంపీ3
2. స్క్వీజ్‌బాక్స్
3. మీ ఇంట్లో గాని, పొరుగింట్లో గాని ఉన్న పాత స్టీరియోను పరిశీలించి, దానికి తగిన ప్లేయరులో ఉండవలసిన లక్షణాలను రాయండి.